ఆరున్నర దొంగతనం

మా మ్యూజియంలో దొంగతనం రోజూ సాయంత్రం ఆరున్నరకి జరుగుతుంది. శుక్రవారం సెలవు. పండగ రోజుల్లో రద్దీని బట్టి రెండు దొంగతనాలు ఉంటాయి. పిల్లలకి అర టిక్కెట్టు. దొంగకి ఒంట్లో బాగాలేకపోయినా టిక్కెట్టు డబ్బులు వాపసు ఇవ్వరు.

ఎగతాళికి చెబుతున్నానని ఎవరైనా అనుకుంటే కళింగరేవు వచ్చి గేటు దగ్గర బోర్డు చదువుకోవచ్చు. నేనా మ్యూజియానికి క్యూరేటర్ని. ప్రభుత్వ ఉద్యోగిని. ఎగతాళి చెయ్యాలంటే నాకు పైవారి అనుమతి కావాలి.

ఇదంతా ఒక సినిమా వల్ల వచ్చింది. యాభై ఏళ్ళ కిందట మా ఊళ్ళో, మా భవనంలోనే తీసిన ‘నీలాల నిచ్చెన’. అప్పటికి మాది మ్యూజియం కాదు, పాత జమీందారుగారి దర్బారు హాలు. పైన గాజు గుమ్మటం, కింద చెక్క నేల, మూల ఒక రాతి గణపతి. కథ చాలా చిన్నది. తెల్లసూటు వేసుకున్న దొంగ గుమ్మటంలోని కిటికీ తెరిచి, తాళ్ళ నిచ్చెన మీద కిందికి దిగుతాడు. గాజుపెట్టెలో ఉన్న నీలాల హారం తీస్తాడు. ఆ హారానికి కాపలా ఉన్నవాడు పక్కనే స్టూలు మీద నిద్రపోతుంటాడు. దొంగ ఆ హారాన్ని హీరోయిన్ మెళ్ళో వేస్తాడు. ఇద్దరూ ఒక పాట పాడతారు. పాటలో బోలెడు వయొలిన్లు, రెండు ట్రంపెట్లు, మధ్యలో ఒక గుర్రం కూడా ఉన్నాయి. అయినా కాపలావాడు లేవడు. పాటైపోయాక దొంగ హారాన్ని తీసుకెళ్ళి ఎక్కడిది అక్కడే పెట్టేస్తాడు. అమ్ముకోవడానికి కాదు, ఆమె మెళ్ళో ఒక్కసారి చూసుకోవడానికే దొంగిలించాడన్నమాట.

ఇందులో జనానికి అంత ఏం నచ్చిందో నాకు మొదట్లో అర్థమయ్యేది కాదు. టీవీలో ఎప్పుడొచ్చినా మా ఆవిడ స్టవ్ కట్టేసి వచ్చి కూర్చునేది. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

“ఏముందోయ్ అందులో? దొంగేగా!”

“దొంగైతేనేం? తీసిన వస్తువు తీసినచోట పెట్టాడు. పెళ్ళై ఇన్నేళ్ళయింది, మీరు తీసిన గోళ్ళకత్తెర ఒక్కరోజైనా తీసినచోట పెట్టారా?”

ఆ తరవాత ఆ సినిమా గురించి ఇంట్లో చర్చ పెట్టలేదు.

ఆ సినిమాలో ఇంకో విశేషం ఉంది. హీరో తెల్లబూట్లు వేసుకోడు. లేసులు ముడేసి ఎడమ భుజానికి తగిలించుకుంటాడు. అదేం స్టైలో అని అప్పట్లో దేశమంతా చెప్పుకుంది. అసలు సంగతి మా ఊళ్ళో అందరికీ తెలుసు. గణపతి ఉన్న హాల్లోకి చెప్పులతో ఎవరినీ రానివ్వరు. సినిమావాళ్ళనీ రానివ్వలేదు. పాపం, బూట్లు ఎక్కడ పెట్టాలో తెలియక ఆ హీరో భుజాన వేసుకున్నాడు. ఇప్పటికీ మాకు అదే పద్ధతి. కలెక్టరుగారైనా సాక్సులతోనే తిరుగుతారు.

పోయినేడాది ఆ సినిమాని కడిగి, రంగులద్ది మళ్ళీ విడుదల చేశారు. కుర్రకారు వెర్రెత్తిపోయింది. పెళ్ళికి ముందు ఫొటోలు తీయించుకునే జంటలన్నీ మా మ్యూజియం మీద పడ్డాయి. పెళ్ళికొడుకులు భుజాన బూట్లేసుకుని వచ్చేవారు. వచ్చిన ప్రతివాడూ నన్ను అడిగేది ఒక్కటే: “హారం ఏదండీ?”

హారం లేదు. అది సినిమావాళ్ళ గాజుపూసల దండ, వాళ్ళే పట్టుకుపోయారు. కాని మా దగ్గర ‘అద్దం పిల్ల’ ఉంది. కంచుబొమ్మ, జానెడు ఎత్తు. ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఎవరో మహానుభావుడు పోత పోశాడు. ఒక పిల్ల చేతిలో అద్దం పట్టుకుని బొట్టు సరిచూసుకుంటుంది. అంతే. కాని ఆ పెదవి చివర చిన్న నవ్వుంది చూశారూ, అద్దంలో తనకి మాత్రమే ఏదో కనిపించినట్టు, అది చూడ్డానికి నేను రోజూ పొద్దున్నే అందరికన్నా ముందు హాల్లోకి వెళతాను. ఇలాంటి బొమ్మ ఇంకెక్కడా లేదని దాన్ని చూసిన పండితులంతా అన్నారు. మా సందర్శకులు మాత్రం దాని గాజుపెట్టె అద్దంలో జుట్టు సరిచేసుకుని వెళ్ళిపోయేవారు.

జంటల రద్దీ రాజధానిదాకా వినబడింది. ప్రభుత్వం వెంటనే ‘సినీ వారసత్వ ప్రత్యేకాధికారి’ అనే పదవి సృష్టించి చక్రధర్ గారిని మా మీదికి పంపింది. చక్రధర్ గారు చిన్నవాడు, చురుకైనవాడు. కారు దిగుతూనే బూట్లు విప్పి భుజాన వేసుకున్నారు. అప్పుడే నా గుండె జారింది.

“క్యూరేటర్‌గారూ, వారసత్వం అంటే ఏమిటి?” అన్నారు హాలు మధ్యలో నిలబడి.

నేను అద్దం పిల్ల వైపు చూపించబోయాను.

“ఉన్నది ఉన్నట్టు ఉంచడం! ఈ హాలు ప్రజల హృదయాల్లో ఎలా ఉందో అలాగే ఉండాలి. చిత్రంలో ఉన్నది ఇక్కడ ఉండాలి. చిత్రంలో లేనిది ఇక్కడ ఉండరాదు. దట్సాల్.”

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. సినిమాలో హాలు మధ్యలో హారం ఉంది గనక మధ్యలో హారం పెట్టాలి. చవితి పందిళ్ళకి అలంకరణ చేసే ఆయన చేత గాజుపూసల దండ చేయించారు. సినిమాలో అద్దం పిల్ల లేదు గనక ఆమెని ఎడంవైపు మూలకి, మంచినీళ్ళ కూలరు పక్కకి జరిపారు. సినిమాలో సీసీ కెమెరాలు లేవు, పీకేశారు. గుమ్మటం కిటికీకి తాళం లేదు, మేం వేసుకున్న తాళం తీయించారు. గాజుపెట్టెలకి గొళ్ళెం తప్ప తాళాలు కనబడలేదు, అవీ పోయాయి. మరి దొంగలు పడితే ఎలాగని నేను రాశాను. ‘చిత్ర కథానుసారం దొంగ పడుటయే ఈ ప్రాంగణ విశిష్టత అని గమనించగలరు’ అని సమాధానం వచ్చింది.

గుర్రాన్ని మాత్రం పశుసంవర్ధక శాఖ అభ్యంతరం మీద మినహాయించారు.

అంతవరకూ సహించాను. ఉత్తర్వు చివరి పేరా చదివినప్పుడు మాత్రం సూరప్పణ్ణి ఎలా పిలిచి చెప్పాలో తోచలేదు. ‘చిత్రంలో కాపలాదారు నిద్రించుచుండును. కావున ప్రదర్శనశాల కాపలాదారు సాయంత్రం ఆరున్నర నుండి ప్రదర్శన ముగియువరకు విధిగా నిద్రించవలెను.’

సూరప్పడు మా కాపలాదారు. పద్నాలుగేళ్ళుగా కాంట్రాక్టు మీదున్నాడు. పర్మనెంటు చేయమని నేను ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఆ పద్నాలుగేళ్ళలో మా దగ్గర గుండుసూది పోలేదు. అతను డ్యూటీలో కునుకు తీయగా చూసినవాళ్ళు లేరు. ఉత్తర్వు చదివి వినిపిస్తే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“పడుకోమంతన్నారా, సార్?”

“అవును, సూరప్పా. గంటసేపేగా.”

“ఇంటికాడైతే తలగడ మీద తలెడితే సాలు, మా ఆడది సెంబుతో నీల్లు సల్లినా లెగను బాబూ. కాకీ బట్టలు తొడిగితే మటుకు కల్లు మూతపడవు. నానేటి సెయ్యను?”

“పోనీ లుంగీలో పడుకుంటావా?” అని, ఆ మాటే పైకి రాశాను. సినిమాలో కాపలాదారు కాకీ బట్టల్లోనే నిద్రపోయాడని, వేషధారణలో రాజీ కుదరదని జవాబొచ్చింది.

దొంగ కోసం టెండరు పిలిచారు. అందరికన్నా తక్కువకి ఒప్పుకున్నవాడికే పని ఇవ్వాలి. నాటకాల్లో దుర్యోధనుడి వేషం వేసి రిటైరైన భానోజీరావు తక్కువకి ఒప్పుకున్నాడు. యాభై ఆరేళ్ళవాడు, రెండు మోకాళ్ళూ అరిగిపోయినవాడు. తాళ్ళ నిచ్చెన మీద ఒక్కో మెట్టూ దిగుతూ ‘అమ్మా, అయ్యా’ అనేవాడు. ఆ మూలుగులు ప్రేక్షకులకి విరహంలా వినిపించాయి. కార్మిక భద్రతాధికారి వచ్చి ఎత్తుమీద పనిచేసేవాడికి హెల్మెట్ తప్పదన్నాడు. ఇంజనీరింగు విభాగం సూటుకి నప్పేలా దాని మీద తెల్లటోపీ బొమ్మ వేసింది. పైకెక్కేముందు దొంగ వేలిముద్ర వెయ్యాలి. వేలిముద్ర పడకపోతే ఆ రోజు దొంగతనం ఆలస్యమయ్యేది.

హీరోయిన్ కొరత వచ్చింది. ట్రెజరీ నుంచి హేమసుందరి అనే టైపిస్టుని డిప్యుటేషను మీద పంపారు. చక్కటి పిల్ల, అభినయం తెలిసినది. కాని ఏడింటికి ఆమె బస్సు. ఏడు కొట్టేసరికి పాట ఏ చరణంలో ఉన్నా సరే, హారం తీసి భానోజీ చేతిలో పెట్టి, “రేపు కలుద్దామండీ,” అని వెళ్ళిపోయేది. ఆ ఎడబాటుకి కొందరు కళ్ళు తుడుచుకునేవారు.

ఎవరి పనులు వాళ్ళు చేస్తున్నారు. తన పని చేయలేకపోతున్నవాడు సూరప్పడొక్కడే.

మొదటి తనిఖీ తరవాత అతనికి మెమో వచ్చింది. ‘మీరు విధి నిర్వహణలో నుండియు కనులు తెరచి, పరిసరములను శ్రద్ధగా గమనించుచున్నట్లు తనిఖీలో వెల్లడియైనది. ఇట్టి నిర్లక్ష్యమునకు మీపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో తెలుపవలెను.’ సూరప్పడి తరఫున సంజాయిషీ నేనే రాశాను. ఇకమీదట ఏమరుపాటుగా ఉంటాడని హామీ ఇచ్చాను. నా సర్వీసులో అలాంటి వాక్యం రాస్తానని ఏనాడూ అనుకోలేదు.

ఆ తరవాత అతన్ని శిక్షణకి పంపారు. ‘నిద్రా నైపుణ్యాభివృద్ధి’ అని మూడు రోజుల శిబిరం. పొద్దున్న ఒకాయన నిద్ర చరిత్ర మీద ఉపన్యాసం చెప్పాడు. మధ్యాహ్నం భోజనంలో గడ్డపెరుగు పెట్టి, ఇంకొకాయన నిద్ర విధానం గురించి మాట్లాడాడు. శిబిరానికి వచ్చిన అధికారులందరూ మొదటి గంటలోనే చక్కగా నిద్రపోయారట. సూరప్పడు మాత్రం వాళ్ళ బ్యాగులు పోకుండా చూస్తూ కూర్చున్నాడు. పాసవలేదు.

“కల్లు మూసుకుని ఉండగలను సార్. నిద్దర మటుకు నా సేతిలో లేదు,” అన్నాడు తిరిగొచ్చి.

“అంతే చెయ్యి. ఎవరికి తెలుస్తుంది?”

తెలిసింది. తనిఖీకి వచ్చినవాళ్ళు ముక్కు దగ్గర నెమలీక పెట్టి ఊపిరి చూశారు. ‘నిద్ర నటించుట ప్రభుత్వమును మోసగించుటయే’ అని రెండో మెమో వచ్చింది.

ఈలోగా జనం తండోపతండాలుగా వచ్చేవారు. నా కోపం నాకున్నా ఒక మాట ఒప్పుకోవాలి. గుమ్మటంలోంచి నీలం దీపం పడి, పాట మొదలయ్యేసరికి హాల్లో ఏదో జరిగేది. సగం జుట్టు నెరిసిన ఆడవాళ్ళు పక్కనున్న మొగుళ్ళ చెయ్యి పట్టుకునేవారు. ఆ మొగుళ్ళు కూడా, బయట ఆటోవాడితో చిల్లర కోసం కొట్లాడి వచ్చినవాళ్ళే, ఆ పాటసేపు తెల్లసూటు మనుషుల్లా కూర్చునేవారు. ఒకరోజు మా ఆవిడ వచ్చింది. భానోజీ వణికే చేతులతో హారాన్ని పెట్టెలో పెట్టి గొళ్ళెం వేస్తుంటే నావైపు చూసింది. గోళ్ళకత్తెర ఆ రాత్రే డ్రాయర్లో పెట్టేశాను.

వసంతంలో సినిమా స్వర్ణోత్సవం వచ్చింది. చక్రధర్ గారు పెద్ద ఎత్తున ప్రకటించారు. అభిమానులు తెల్లసూటుతో వస్తే టిక్కెట్టు మీద రాయితీ ఇస్తామన్నారు. ఉద్యోగుల క్రమబద్ధీకరణ కమిటీని కూడా ఆ రోజుకే రప్పించారు. సూరప్పడి ఫైలు వాళ్ళ చేతిలోనే ఉంది.

నన్ను గదిలోకి పిలిచి చెప్పారు. “చూడండి, నేను మనిషినే. ఆయన పద్నాలుగేళ్ళ సేవ నాకు తెలుసు. కమిటీ మొదటి వరసలో కూర్చుంటుంది. ఆ ఒక్క సాయంత్రం మనిషి కదలకుండా, కళ్ళు తెరవకుండా ఉంటే చాలు. నెమలీక నేను ఆపుతాను. పాటయ్యాక అక్కడికక్కడే పర్మనెంటు ఆర్డరు. కళ్ళు తెరిచాడో, కాంట్రాక్టు కూడా ఉండదు. ఆయన భవిష్యత్తు ఆయన కనురెప్పల్లో ఉంది.”

బయటికొచ్చి సూరప్పడికి చెప్పాను.

“పర్మనెంటైతే పింఛనొత్తాది కదా సార్?”

“వస్తుంది.”

“మా యమ్మకి కల్లాపరేసను సేయించొచ్చు. సరే సార్. ఇల్లిరిగి మీద పడినా కదల్ను. గణపతి మీదొట్టు.”

స్వర్ణోత్సవం రోజు హాలు కిటకిటలాడిపోయింది. ఎటు చూసినా తెల్లసూట్లే. అందరి భుజాల మీదా బూట్లే. కమిటీవాళ్ళు ముగ్గురూ మొదటి వరసలో కాళ్ళు చాపుకుని కూర్చున్నారు. సూరప్పడు స్టూలు మీద, స్తంభానికి తల ఆనించి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి అతని రెప్పలే చూస్తున్నాను. కదల్లేదు. భానోజీ మూలుగుతూ దిగాడు, హారం తీశాడు, పాట మొదలైంది. దీపాలన్నీ ఆర్పి నీలం దీపం ఒక్కటే ఉంచారు.

రెండో చరణంలో సూరప్పడి ముఖం మారింది. కళ్ళు మూసే ఉన్నాయి. నుదుటి మీద నరం లేచింది. ఏమైందా అని నేనూ చెవులు రిక్కించాను. వయొలిన్ల కింద, చెక్క నేల మీద టక్కు, టక్కు, టక్కుమని చప్పుడు. హాల్లో ఎవరో బూట్లతో నడుస్తున్నారు.

మా హాల్లో బూట్లతో ఎవరూ నడవరు. ఆ సినిమా చూసినవాడెవడూ అసలే నడవడు. జిల్లాలో ఆ సినిమా చూడనివాడు ఒకే ఒక్కడు మిగిలాడు; వాడా రోజు తెల్లసూటు అద్దెకి తెచ్చుకుని, ఆ రద్దీలో ఎవరి కంటా పడకుండా బూట్లతోనే మా హాల్లోకి వచ్చాడు. చప్పుడు ఎడంవైపు మూలకి వెళ్ళింది. మంచినీళ్ళ కూలరు దగ్గర ఆగింది. గొళ్ళెం తీసిన శబ్దం వినబడింది.

నేను అరవాలి. సభలో పై అధికారులున్నారన్న ఒక్క ఆలోచనతో గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. సూరప్పడి కంటికొసల్లోంచి నీళ్ళు కారడం నాకు కనిపించింది. రెండు చేతులతో స్టూలు అంచులు పట్టుకుని, తనని తానే అదిమిపట్టుకుంటున్నాడు. చప్పుడు గుమ్మం వైపు తిరిగింది. అతను కళ్ళు తెరిచాడు.

తరవాత జరిగింది గబగబా జరిగిపోయింది. సూరప్పడు స్టూలు తన్నేసి, కమిటీవారి చాపిన కాళ్ళ మీద నుంచి దూకి, వాడి నడుం పట్టుకున్నాడు. ఇద్దరూ దొర్లారు. వాడి కోటులోంచి అద్దం పిల్ల జారితే నేల తగలకుండా రెండు చేతులతో అందుకుని, వాడి మీద కూర్చున్నాడు. ఆ పైన చప్పట్లు ఎలా మోగాయంటే గుమ్మటం అద్దాలు అదిరాయి. జనం అది కూడా స్వర్ణోత్సవ ప్రత్యేక అంశం అనుకున్నారు. “వన్స్ మోర్!” అని ఎవరో అరిచారు. దొంగ కిందనుంచి, “నేను అసిస్టెంటు దొంగనండీ బాబూ, టెండర్లో వచ్చాను,” అన్నాడు. నిచ్చెన కింద నిలబడ్డ భానోజీరావుకి రోషం వచ్చి, “ఒరేయ్, నాకు అసిస్టెంటు ఎవడ్రా!” అని దుర్యోధనుడి గొంతుతో గర్జించాడు.

నేను పరిగెత్తి వెళ్ళి బొమ్మని అందుకున్నాను. పెదవి చివర నవ్వు అలాగే ఉంది.

పోలీసులు వచ్చారు. ఎస్సైగారు టైము చూసుకున్నారు. “ఆరున్నరకి మొదలైన దొంగతనమేనా? అయితే మా పరిధిలోకి రాదండి. అది సినీ వారసత్వం వారి కార్యక్రమం. దొంగతనం నిర్ణీత వేళ దాటి జరిగినట్టు రాసిస్తే అప్పుడు చూస్తాం.” అలా రాసివ్వడానికి చక్రధర్ గారు ఒప్పుకోలేదు. కార్యక్రమం వేళకి ముగిసిందనే ఆయన పైకి తెలియజేశారు. తెల్లవారేదాకా దొంగని స్టేషన్లో కూర్చోబెట్టి, కానిస్టేబులు ఫోన్లో వాడికి ‘నీలాల నిచ్చెన’ చూపించాడట. వాడు వెక్కి వెక్కి ఏడ్చి, “ముందే చూసుంటే నేనే తిరిగి పెట్టేసేవాణ్ణి సార్,” అన్నాడట. పశ్చాత్తాపం చూసి పంపించేశారు.

విచారణ మాత్రం సూరప్పడి మీద జరిగింది. నేను సాక్షిని.

“కాపలాదారు మేల్కొన్నాడా, లేదా?” అన్నారు చక్రధర్ గారు.

“మేల్కొన్నాడండి. మేల్కొని దొంగని పట్టుకున్నాడు. ఆ బొమ్మ ఎనిమిది వందల ఏళ్ళ నాటిది. పోతే మళ్ళీ రాదు.”

“ప్రశ్న బొమ్మ గురించి కాదు. యాభై ఏళ్ళుగా ఏ కాపలాదారూ ఆ పాటలో లేవలేదు. అది ఒక విశ్వాసం, క్యూరేటర్‌గారూ. ఆయన దాన్ని భంగపరిచారు. పైగా కమిటీ చైర్మన్ గారి బొటనవేలు తొక్కారు.”

“మరి దొంగ, సార్?”

చక్రధర్ గారు నిట్టూర్చారు. నిజంగానే బాధపడ్డారు. “అదే నాకు మింగుడుపడటం లేదు. ఈ జిల్లాలో పుట్టి ఆ సినిమా చూడకపోవడమేమిటి? మన ప్రచారంలో లోపముంది.”

సూరప్పణ్ణి అడిగారు, చెప్పుకునేదేమైనా ఉందా అని. అతను లేచి నిలబడ్డాడు.

“ఒట్టేసుకున్నాను సార్, కదలకూడదనే. వోడు ఆరం ఒట్టుకెల్లుంటే కదలకపోదును. వోడు పిల్లనెత్తుకెల్తన్నాడు. పిల్లనెత్తుకెల్తంటే ఎలా పడుకుంటారు సార్?”

అది రికార్డులో రాయలేదు. ఉత్తర్వు వారంలో వచ్చింది: ‘పలుమార్లు హెచ్చరించినను విధి నిర్వహణలో జాగరూకతను విడనాడనందున కాంట్రాక్టు రద్దు చేయడమైనది.’ ఆ కాగితం అతనికి ఇచ్చే పని నాదే. పద్నాలుగేళ్ళు మేలుకున్న మనిషికి ఆ కాగితం ఇస్తుంటే, సంతకం చేసిన నా చెయ్యంటే నాకే అసహ్యం వేసింది. అతను మడిచి జేబులో పెట్టుకున్నాడు. “అమ్మాయిని మంచినీల్ల కూలరు కాడ నుంచి తియ్యండి సార్. సెమ్మకి కంచు సెడిపోతాది,” అని వెళ్ళిపోయాడు. తీయడానికి అనుమతి కోరుతూ రాశాను. జవాబు ఇంకా రాలేదు.

కొత్త కాపలాదారుకి ప్రకటన ఇచ్చారు. గాఢనిద్ర తప్పనిసరి అర్హత, గురక ఉన్నవారికి ప్రాధాన్యం. వచ్చినవాడు అన్నివిధాలా సమర్థుడు. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్నకే నిద్రపోయాడు. చేరిన నెలకే పర్మనెంటు చేశారు. అతని గురక పాటలో చక్కగా కలుస్తుందని పత్రికలు కూడా రాశాయి.

తాళాలు లేవు, కెమెరాలు లేవు. నేను రోజూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడేవాణ్ణి. అలా నిలబడగా ఒకరోజు సాయంత్రం టిక్కెట్ల వరసలో సూరప్పడు కనిపించాడు. కాకీ కాదు, తెల్లచొక్కా, పంచె. రైసుమిల్లులో రాత్రి కాపలాకి కుదిరాడట. డ్యూటీ తొమ్మిదింటికి. నేను గబగబా వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

“నువ్వు టిక్కెట్టు కొనడమేమిటి సూరప్పా? రా, లోపలికి రా.”

“వద్దు సార్. ఊరికే వచ్చినోడు కల్లు తెరిసి కూసుంటే ఎవరో ఒకరు లెగ్గొడతారు. టిక్కెట్టు కొన్నోన్ని పడుకోమని ఏ కాయితంలోనూ రాయలేదు కదా. నాను సదివించుకున్నాను.”

నిజమే. ఉత్తర్వు మొత్తం నాకు కంఠతా వచ్చు. ప్రేక్షకుడు మేలుకుని ఉండకూడదని అందులో ఎక్కడా లేదు.

టిక్కెట్టు నేనే చింపి సగం అతని చేతిలో పెట్టాను. చెప్పులు గుమ్మం బయట విడిచి, ముందు వరసలు ఖాళీగా ఉన్నా అటు వెళ్ళకుండా, ఎడంవైపు మూల, కూలరు పక్కన, అద్దం పిల్లకి ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. అప్పటినుంచి శుక్రవారం తప్ప రోజూ వస్తున్నాడు. ఆరున్నర అవుతుంది. దీపాలు ఆరిపోతాయి. కిటికీ తెరుచుకుని తాళ్ళ నిచ్చెన జారుతుంది. హాలంతా తలలెత్తి గుమ్మటం వైపు చూస్తుంది. సూరప్పడు చూడడు.